సరికి గుండ్రం, బేసికి పొడుగు: పాదరసం కేంద్రకాల మీద ఒక కేస్ స్టడీ

డిగ్రీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవాళ్ళకు మెర్క్యురీ ల్యాంప్ గుర్తుండే ఉంటుంది. చీకటి గదిలో స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుని, గ్రేటింగ్‌లోంచి ఆకుపచ్చ గీత, జంటగా ఉండే పసుపు గీతలు, నీలి గీత వెతికి పట్టుకుని, వెర్నియర్ రీడింగులు రికార్డు పుస్తకంలో రాసుకున్నాం. పాదరసం ఆవిరి విడిచే గీతల్లో చాలా బలమైనది ఒకటి మాత్రం ఆ రోజు మన కంటపడలేదు. అది 253.7 నానోమీటర్ల దగ్గర, అతినీలలోహితంలో ఉంటుంది. ట్యూబ్‌లైటు గొట్టం లోపలి తెల్లపూత పీల్చుకుని, కంటికి కనిపించే వెలుగుగా మార్చి ఇచ్చేది ఈ కాంతినే.

ఈ కేసు ఆ ఒక్క గీత గురించి. ఒకే మూలకంలో ప్రోటాన్లు అన్నే ఉండి, న్యూట్రాన్ల లెక్క మాత్రం వేరుగా ఉన్న రకాలను ఐసోటోపులంటారు. ఒక్కో ఐసోటోప్‌కు ఆ గీత ఎక్కడ పడుతుందో కొలుచుకుంటూ పోతే, ఒకచోట కేంద్రకం ఉన్నట్టుండి ఉబ్బిందని 1972లో బయటపడింది. ఆ వింత ఎక్కడ ఆగిపోతుందో తేలడానికి 2018 దాకా పట్టింది. నేను లేజర్ స్పెక్ట్రోస్కోపీలో పనిచేస్తాను. ఈ ప్రయోగాల్లో నాకు పాలు లేదు. అయినా మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ మొదట చెప్పేది ఈ కేసే. కాంతిని కొలిచి కేంద్రకం గురించి ఎంతవరకు మాట్లాడవచ్చో, ఎక్కడ ఇంకొకరి సాక్ష్యం తెచ్చుకోవాలో ఇంత స్పష్టంగా చూపించే కేసు నాకు ఇంకొకటి తెలియదు.

గీత ఎందుకు జరుగుతుంది

పాదరసం కేంద్రకం వ్యాసార్థం సుమారు 5.4 ఫెమ్టోమీటర్లు. పరమాణువు దానికి ఇరవై వేల రెట్లకు పైగా పెద్దది. అంత దూరాన ఉన్న ఎలక్ట్రాన్‌కు లోపలి కేంద్రకం రవ్వంత పెరిగినా తరిగినా ఏం తెలుస్తుందని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎస్ కక్ష్యలోని ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగా మాత్రమే ఉండేది కాదు. కేంద్రకం ఉన్న చోట కూడా దాని ఉనికి కొంత ఉంటుంది. ఆవేశమంతా ఒక బిందువులో ఉంటే ఎలక్ట్రాన్ మీద ఎంత లాగుడు పడేదో, ఆ ఆవేశం కొంత మేర పరుచుకుని ఉన్నప్పుడు అంత పడదు. కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ ఎస్ ఎలక్ట్రాన్ మీది పట్టు కాస్త సడలుతుంది. 253.7 గీత పుట్టేది ఒక 6ఎస్ ఎలక్ట్రాన్ 6పీ స్థితికీ మళ్ళీ వెనక్కీ మారేటప్పుడు. పీ ఎలక్ట్రాన్‌కు కేంద్రకంతో పొత్తు చాలా తక్కువ. కాబట్టి తేడా అంతా గీత మీద కనిపిస్తుంది: కేంద్రకం ఉబ్బితే గీత తక్కువ పౌనఃపున్యం వైపు జరుగుతుంది.

ఎంత జరుగుతుంది? ఈ గీత పౌనఃపున్యం దాదాపు 1182 టెరాహెర్ట్జ్. సహజంగా దొరికే పాదరసంలో రెండు న్యూట్రాన్ల తేడా ఉన్న ఐసోటోపుల మధ్య గీత జరిగేది నాలుగైదు గిగాహెర్ట్జ్. అంటే పది లక్షల్లో నాలుగు పాళ్ళు. కేంద్రకం బరువు మారడం వల్ల వచ్చే జరుగుడు కూడా ఇందులో కలిసి ఉంటుంది గానీ, పాదరసం లాంటి బరువైన మూలకంలో అది పదుల మెగాహెర్ట్జ్ స్థాయిలోనే ఉంటుంది. తేలిక మూలకాల మీద పనిచేసేవాళ్ళకు ఈ అదృష్టం లేదు. అక్కడ బరువు వల్ల వచ్చే భాగమే పెద్దది, పరిమాణం వల్ల వచ్చేది దాని కింద నలిగిపోయి ఉంటుంది. పాదరసంలో గీత జరిగిందంటే, దాదాపు మొత్తం వ్యాసార్థం మాటే.

ఒక హద్దు ఇక్కడే చెప్పాలి. కాంతి కొలిచేది ప్రోటాన్లు పరుచుకున్న మేరను, అంటే ఆవేశ వ్యాసార్థపు వర్గం సగటును. న్యూట్రాన్లు దానికి నేరుగా కనిపించవు. ఆకారం కూడా నేరుగా కనిపించదు. ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

1972: దీపంతో దొరికిన ఉబ్బు

స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో ఐసోల్డే 1967లో మొదలైంది. ప్రోటాన్ల పుంజాన్ని ఒక లక్ష్యం మీద కొట్టి, చెల్లాచెదురైన కేంద్రకాల్లోంచి కావలసిన ద్రవ్యరాశిని అయస్కాంతంతో వేరుచేసి, అవి క్షీణించేలోపే ప్రయోగశాలకు పంపించే సదుపాయం అది. పాదరసం కావాలంటే కరిగించిన సీసాన్ని లక్ష్యంగా పెడతారు. సీసం కేంద్రకం దెబ్బ తిని కొన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్లు రాల్చుకుంటే పాదరసం మిగులుతుంది. దానికి ఆవిరయ్యే గుణం ఎక్కువ కాబట్టి కరిగిన సీసంలోంచి తేలిగ్గా బయటికొస్తుంది.

ఎర్నస్ట్ ఓటెన్, హైన్స్-యుర్గెన్ క్లూగే బృందం అప్పుడు వాడినది లేజర్ కాదు, పాదరసం దీపం. దీపాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి, ఆ క్షేత్రాన్ని మారుస్తూ దాని గీతను అటూ ఇటూ జరిపారు. వృత్తాకార ధ్రువణం ఉన్న ఆ కాంతిని రేడియోధార్మిక పాదరసం ఆవిరి మీద వేస్తే, గీత సరిగ్గా కుదిరినప్పుడు కేంద్రకాల, బొంగరం తిరుగుడు లాంటి గుణమైన, స్పిన్‌లన్నీ ఒకవైపు తిరుగుతాయి. స్పిన్ ఒకవైపు తిరిగిన కేంద్రకం బీటా కణాలను అన్ని దిక్కులా సమానంగా విడవదు. కాబట్టి ముందున్న కౌంటర్‌కూ వెనకున్న కౌంటర్‌కూ లెక్క తేడా వచ్చిన చోటే గీత ఉన్నట్టు. వచ్చే కాంతి కణాలను లెక్కపెట్టకుండా, క్షీణించే కేంద్రకాలనే లెక్కపెట్టారు. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరింపజేస్తుంది. పరమాణువులు తక్కువగా ఉన్నప్పుడు కాంతిని పట్టుకోవడం కష్టం, బీటా కణాన్ని పట్టుకోవడం తేలిక. సున్నితత్వం ఎక్కడుందో అక్కడ కౌంటర్ పెట్టారు.

బరువైన ఐసోటోపుల నుంచి కిందికి వస్తుంటే న్యూట్రాన్లు తగ్గినకొద్దీ కేంద్రకం క్రమంగా చిన్నదవుతూ వచ్చింది. 187 (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి మొత్తం) దాకా అంతే. 185 దగ్గరకొచ్చేసరికి గీత వెనక్కి దూకింది, అదీ సాధారణ అడుగుకు ఎన్నో రెట్లు. 185 కేంద్రకం ఆవేశ వ్యాసార్థం, దానికన్నా పదకొండు న్యూట్రాన్లు ఎక్కువున్న 196 దరిదాపులకు చేరింది. 183లోనూ అదే కథ. శాతాల్లో చూస్తే వ్యాసార్థం పెరిగింది ఒక శాతం లోపే. కేంద్రక భౌతికశాస్త్రంలో రెండు న్యూట్రాన్లకు అది భూకంపమే. దాన్ని పొడుగాటి ఆకారానికి మారడంగా వాళ్ళు అర్థం చెప్పుకున్నారు. గోళాన్ని అదే ఘనపరిమాణంతో సాగదీస్తే వ్యాసార్థపు వర్గం సగటు పెరుగుతుంది కదా.

సరి సంఖ్యలు ఎందుకు ఆగాల్సి వచ్చింది

ఇక్కడొక చిక్కుంది. సరి సంఖ్యలో ప్రోటాన్లు, సరి సంఖ్యలో న్యూట్రాన్లు ఉన్న కేంద్రకానికి భూస్థితిలో, అంటే అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో, స్పిన్ సున్న. తిప్పడానికి స్పిన్ లేనప్పుడు బీటా కౌంటర్ల పద్ధతి పనిచేయదు. అంటే 1972లో దానితో చేతికొచ్చిన చుక్కలన్నీ బేసివే. 187కూ 185కూ మధ్య ఉన్న 186 ఎటుందో, 184 ఎటుందో ఆ పద్ధతితో చూడలేం. బేసి చుక్కల్ని మాత్రమే కలిపి గీత గీస్తే, 186 దగ్గరో 185 దగ్గరో మొదలై కిందికంతా కేంద్రకాలు పొడుగైపోయాయనిపిస్తుంది. చాలామంది అలాగే ఊహించి ఉంటారు. నేనైనా అలాగే ఊహించేవాణ్ణి.

లేజర్ ఇక్కడ రంగంలోకొచ్చింది. పల్స్‌డ్ డై లేజర్ కాంతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి అతినీలలోహితం పుట్టించి, ఆవిరి మీద వేసి, తిరిగి వెలువడే మెరుపును చూశారు. దీనికి స్పిన్‌తో పనిలేదు. 1977లో వచ్చిన ఫలితం: 184 ఉబ్బలేదు. దానికి అటూ ఇటూ ఉన్న 183, 185 ఉబ్బి ఉండగా, మధ్యలోని 184 మాత్రం పాత దారిలోనే, దాదాపు గుండ్రంగా, బుద్ధిగా కూర్చుంది. చిన్నప్పుడు గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని సరా బేసా అని ఆడుకునేవాళ్ళం. ఈ కేంద్రకం ఆడుతున్నది అచ్చంగా అదే. సరి అంటే గుండ్రం, బేసి అంటే పొడుగు. ఒక్క న్యూట్రాన్ తీస్తే ఆకారం మారుతుంది, ఇంకొకటి తీస్తే మళ్ళీ మొదటికొస్తుంది. 1986 నాటికి 182 వరకు సరి సంఖ్యలు, 181 వరకు బేసి సంఖ్యలు కొలిచారు. ఆట సాగుతూనే ఉంది.

ఈ వరుసలో నాకు అన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం 1979లోది. 185కు భూస్థితి కాక, కొంతసేపు బతికే ఇంకో స్థితి, అంటే ఐసోమర్ ఉంది. దాని స్పిన్ 13/2. లేజర్‌తో చూస్తే ఆ ఐసోమర్ వ్యాసార్థం చిన్నది, సరి సంఖ్యల దారిలో ఉన్నది. భూస్థితి పెద్దది. అవే 80 ప్రోటాన్లు, అవే 105 న్యూట్రాన్లు. న్యూట్రాన్ తీయలేదు, చేర్చలేదు. శక్తిలో కాస్త తేడాతో ఒకే కేంద్రకం రెండు ఆకారాల్లో పక్కపక్కనే ఉంది. ఐసోటోపుల మధ్య పోలికలో ఏదో పొరపాటుందేమో అన్న సందేహానికి ఇక తావు లేదు, ఎందుకంటే రెండు గీతలూ ఒకే స్కాన్‌లో కనిపిస్తాయి.

మా ల్యాబ్‌లో జరిగినది

ఒకే స్కాన్ అన్న మాట మీద ఎందుకింత పట్టుబడతానంటే, వెనకటికి ఒక ల్యాబ్‌లో మాకు తగిలిన దెబ్బ అలాంటిది. వేరే మూలకం మీద పని. రాత్రి షిఫ్ట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే ప్రామాణిక ఐసోటోప్‌ను కొలిచేవాళ్ళం. ఒక రాత్రి ఏసీ ఆగిపోయి గది వేడెక్కింది. తరంగదైర్ఘ్యం కొలిచే వేవ్‌మీటర్ రీడింగ్ మెల్లగా జారుకుంటూ పోయింది. మాకు మాత్రం ఒక ఐసోటోప్‌లో చక్కటి చిన్న ఉబ్బు కనపడింది. రెండు రోజులు సంబరపడ్డాం. తర్వాత ప్రామాణిక ఐసోటోప్ రీడింగులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉబ్బు అంతా గది వేడిదే. రెండు రాత్రుల డేటా పక్కన పడేశాం. అప్పటినుంచి ప్రతి రెండు స్కాన్లకు ముందూ వెనకా ప్రామాణికం కొలవనిదే ముందుకెళ్ళం.

పాదరసం ఉబ్బు విషయంలో ఆ భయం అంత లేదు. వందల మెగాహెర్ట్జ్ జారుడు ఎక్కడ, ఇరవై గిగాహెర్ట్జ్‌లకు మించిన దూకుడు ఎక్కడ! అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: మనం చూస్తున్న పరమాణువులు నిజంగా పాదరసం 185వేనా, అందులో ఏ స్థితివి? ఈ ప్రశ్నకు కాంతి ఒక్కటే జవాబు చెప్పలేదు.

2018: ఆట ఎక్కడ ఆగుతుంది

181 తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ కిందికి దిగలేకపోయారు. న్యూట్రాన్లు తగ్గేకొద్దీ అర్ధాయువులు కుదించుకుపోతాయి. 185 భూస్థితికి ఇంకా 49 సెకన్లున్నాయి. 181కి నాలుగు సెకన్ల లోపే. 177 అయితే సెకనులో ఎనిమిదో వంతు దరిదాపు. ఉత్పత్తి కూడా దిగుతున్నకొద్దీ పడిపోతుంది. అంత కొద్ది పరమాణువుల నుంచి మెరుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు.

దారి చూపింది ఐసోల్డేలో 1994 నుంచి వాడుకలో ఉన్న రిలిస్ అనే లేజర్ అయాన్ మూలం. పరమాణువు అయాన్ అయ్యే చోటే, ఆ వేడి గొట్టంలోకే లేజర్ కాంతిని పంపిస్తారు. మూడు మెట్లు. మొదటి మెట్టు మన 253.7 గీత, రెండో మెట్టు 313 నానోమీటర్లు, మూడో మెట్టు 532. మూడూ కలిస్తే పాదరసం అయనీకరణ శక్తి 10.44 ఎలక్ట్రాన్‌వోల్టులను దాటుతుంది. మొదటి మెట్టు కుదిరితేనే మిగతా రెండూ ఎక్కగలం. కాబట్టి మొదటి లేజర్‌ను జరుపుతూ అయాన్లు ఎప్పుడు పెరుగుతున్నాయో చూస్తే చాలు, గీత దొరికినట్టే. లక్ష్యం యథావిధిగా కరిగిన సీసం.

వేడి గొట్టంలో పరమాణువులు వేగంగా పరుగులు తీస్తుంటాయి, డాప్లర్ ప్రభావం వల్ల గీత మందమవుతుంది. రెండు వేల కెల్విన్ దగ్గర లెక్కేస్తే ఈ గీతకు దాదాపు మూడు గిగాహెర్ట్జ్ మందం వస్తుంది. సూక్ష్మ కొలతలు చేసేవాళ్ళు ఈ అంకె చూసి ముఖం చిట్లిస్తారు. నేను దీన్ని మంచి ఎంపిక అంటాను. స్పిన్ 1/2 ఉన్న బేసి ఐసోటోప్‌లో గీత రెండుగా చీలి, వాటి మధ్య ఇరవై గిగాహెర్ట్జ్‌లకు పైగా దూరం ఉంటుంది. ఆకారం మారితే జరిగేది కూడా అదే స్థాయి. మూడు గిగాహెర్ట్జ్ మందమున్న కలంతో ఆ బొమ్మ హాయిగా గీయవచ్చు. సన్నటి కలం కోసం పోయి అరుదైన పరమాణువుల్లో సగానికి పైగా పోగొట్టుకుంటే 177 దొరికేదే కాదు.

అయాన్లను లెక్కపెట్టడంలోనూ అదే వివేకం. దండిగా వచ్చే ఐసోటోపులకు మామూలు ఫారడే కప్పు చాలు, విద్యుత్ ప్రవాహంగా కొలిచేయొచ్చు. ఒకే ద్రవ్యరాశి సంఖ్య ఉన్న ఇతర మూలకాలు కలిసి వచ్చేచోట, అయాన్లను రెండు అద్దాల మధ్య పదేపదే తిప్పి పరుగు కాలాన్నిబట్టి వేరుచేసే ద్రవ్యరాశి మాపకం వాడారు. అతి తక్కువగా వచ్చేవాటికి పలచని కార్బన్ రేకులు అమర్చిన చక్రం పెట్టారు. అయాన్లు రేకులో నాటుకుంటాయి, ఆల్ఫా కణం విడిచినప్పుడు సిలికాన్ డిటెక్టర్ పట్టుకుంటుంది. ఆల్ఫా శక్తి ఆ కేంద్రకం వేలిముద్ర లాంటిది. ఇది పాదరసం 177 అవునా కాదా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫలితం: 180, 179, 178, 177 నాలుగూ మళ్ళీ పాత దారికొచ్చేశాయి. బేసి అయినా 179, 177 ఉబ్బలేదు. వాటి స్పిన్ కూడా మారి 7/2 అయింది. అంటే ఆట 185తో మొదలై, 183 మీదుగా, 181తో ముగిసింది. మూడే మూడు కేంద్రకాలు.

పొడుగు అని ఎవరు చెప్పారు?

విద్యార్థులు ఈ కేసులో ఎప్పుడూ జారిపడే చోటు ఇదే. గీత జరిగింది, కాబట్టి కేంద్రకం పొడుగైంది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మధ్యలో రెండు మెట్లున్నాయి.

గీత విభజన నుంచి విద్యుత్ క్వాడ్రుపోల్ భ్రామకం, అంటే ఆవేశం గోళాకారానికి ఎంత దూరంగా ఉందో చెప్పే కొలత, తీయగలిగితే ఆకారం గురించి గట్టి సాక్ష్యం దొరుకుతుంది. కానీ స్పిన్ 1/2 ఉన్న కేంద్రకానికి బయటికి కనిపించే క్వాడ్రుపోల్ భ్రామకం ఉండదు. కేంద్రకం లోపల ఎంత సాగి ఉన్నా, స్పిన్ అంత తక్కువైతే దిక్కులన్నీ సగటున కలిసిపోయి ఎలక్ట్రాన్‌కు గుండ్రంగానే తోస్తుంది. ఉబ్బిన మూడు భూస్థితుల స్పిన్ సరిగ్గా 1/2. స్పిన్ సున్న ఉన్న సరి సంఖ్యలకు కూడా అంతే, ఒకే ఒక్క గీత. ఈ కేసులో ఎవరి ఆకారం అందరికన్నా ఆసక్తికరమో, వాళ్ళ ఆకారాన్నే లేజర్ సూటిగా చూడలేదు. పైగా నేరేడు పండులా సాగినా, గుమ్మడికాయలా అణగినా వ్యాసార్థపు వర్గం సగటు ఎటైనా పెరుగుతుంది. వ్యాసార్థం ఒక్కటే చూసి ఏ పండో చెప్పలేం.

మరి నేరేడు పండే అని ఎలా తెలిసింది? అయస్కాంత భ్రామకం, అంటే చిన్న అయస్కాంతంగా కేంద్రకానికి ఎంత బలముందో చెప్పే కొలత, కొంత చెప్పింది. రెండు గీతల మధ్య దూరం నుంచి అది వస్తుంది. ఆ విలువ, స్పిన్ 1/2 అన్న సంగతీ కలిపి చూస్తే, పొడుగైన కేంద్రకంలో చివరి న్యూట్రాన్ కూర్చోగల ఒక నిర్దిష్ట కక్ష్యతో సరిపోతాయి. గామా కిరణాల ప్రయోగాలు ఇంకొంత చెప్పాయి. సరి పాదరసాల్లో కొద్దిగా అణగిన భూస్థితికి కొంచెం పైనే, బాగా పొడుగైన మరో స్థితి ఉందని చూపించాయి. 182 నుంచి 188 వరకు సరి కేంద్రకాలను ఐసోల్డేలోనే కూలాంబ్ ఉత్తేజనంతో (విద్యుదావేశాల వికర్షణతో కేంద్రకాన్ని పై స్థితికి లేపే పద్ధతితో) పరీక్షించి 2014లో ప్రచురించిన పని ఆ రెండు రకాల ఆకారాలు పక్కపక్కన ఉండి ఎలా కలుస్తాయో చూపింది. కాబట్టి రిపోర్టులో నేను రాయించే వాక్యం ఇలా ఉంటుంది: లేజర్ కొలిచినది వ్యాసార్థం, స్పిన్, అయస్కాంత భ్రామకం, పొడుగు అన్నది వాటి మీద, ఇతర ప్రయోగాల మీద ఆధారపడిన నిర్ధారణ. వాక్యం పొడుగైనా ఫరవాలేదు.

ఎందుకు ఇక్కడే?

పాదరసంలో ప్రోటాన్లు 80. మ్యాజిక్ సంఖ్య, అంటే కేంద్రకంలో ఒక గూడు పూర్తిగా నిండే సంఖ్య, 82కు రెండే తక్కువ. పక్కనున్న సీసానికి సరిగ్గా 82, అది న్యూట్రాన్లు ఎన్ని పోగొట్టుకున్నా గుండ్రంగానే ఉంటూ మెల్లగా చిన్నదవుతుంది. న్యూట్రాన్ల వైపు 82, 126 అనే రెండు మ్యాజిక్ సంఖ్యలకు సరిగ్గా నడుమ ఉన్నది 104, అంటే పాదరసం 184. కొన్ని ప్రోటాన్లు 82 గట్టు దాటి పై కక్ష్యలోకి ఎక్కితే, సగం నిండిన న్యూట్రాన్ల గూటితో వాటి ఆకర్షణ ఎక్కువై, కేంద్రకం సాగుతుంది. గట్టు ఎక్కడానికి అయ్యే ఖర్చూ, సాగితే వచ్చే లాభమూ ఇక్కడ దాదాపు సమానం. ఒక్క జతలేని న్యూట్రాన్ తక్కెడను ఎటైనా దించగలదు.

2018 పనిలో దీన్ని మోంటే కార్లో షెల్ మోడల్ లెక్కలతో, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఏ కక్ష్యల్లో ఎలా చేరతాయో చూసే లెక్కలతో, పరీక్షించారు. జపాన్‌లోని కే సూపర్‌కంప్యూటర్ మీద నడిపిన లెక్కలవి. ఉబ్బిన స్థితుల్లో 1హెచ్ 9/2 కక్ష్యలోకి ప్రోటాన్లు, 1ఐ 13/2 కక్ష్యలోకి న్యూట్రాన్లు ఎక్కువగా చేరుతున్నాయనీ, ఆ రెండు గుంపుల పరస్పర ఆకర్షణే ఆ స్థితిని కిందికి దించుతున్నదనీ తేలింది. ఆ లెక్కలు చేసేవాణ్ణి కాను కాబట్టి, కొలతలకు సరిపోయాయనడం వరకే నా మాట.

2021లో ఇదే దూకుడు బిస్మత్‌లో కనపడింది. 83 ప్రోటాన్ల బిస్మత్ 188 భూస్థితి వ్యాసార్థం, అటూ ఇటూ ఉన్న 187, 189ల కన్నా ఉన్నట్టుండి పెద్దది. దాని ఐసోమర్‌తో పోల్చినా పెద్ద తేడా. న్యూట్రాన్లు మళ్ళీ 105, సరిగ్గా పాదరసం 185లో ఉన్నన్నే. ఇది కూడా ఐసోల్డేలోనే, వేడి గొట్టంలో లేజర్ వేసే ఆ పద్ధతితోనే. ఈసారి వ్యాసార్థాలు, అయస్కాంత భ్రామకాలతోపాటు క్వాడ్రుపోల్ భ్రామకాలనూ కొలిచారు.